ఆరుగురం ఉన్నాం, అప్లికేషన్ ఒకటే. మైక్రోసర్వీసులుగా విడగొట్టాలా?

బారాదరి | ఆదివారం, రాత్రి 10:42

అందరికీ నమస్తే. మాది ఫంక్షన్ హాళ్లు బుక్ చేసుకునే యాప్, ఆఫీసు కొండాపూర్‌లో. ఇటు కొంపల్లి నుంచి అటు నాగోలు, శంషాబాద్ దాకా హాళ్లు మా దగ్గర ఉన్నాయి. టీములో ఆరుగురం: బ్యాకెండ్ ముగ్గురం, ఫ్రంటెండ్ ఇద్దరు, టెస్టింగ్ ఒకరు. కోడంతా ఒకే స్ప్రింగ్ బూట్ అప్లికేషన్, వెనక ఒకే పోస్ట్‌గ్రెస్ డేటాబేస్. నాలుగేళ్లుగా ఇలాగే నడుస్తోంది.

ఏడాదిలో చాలా రోజులు సైటు ప్రశాంతంగా ఉంటుంది. ఆషాఢం వచ్చిందంటే మాత్రం, శ్రావణంలో ముహూర్తాలు పెట్టుకున్నవాళ్లంతా ఒక్కసారిగా వచ్చిపడతారు. అప్పుడు హాలు పేజీ తెరుచుకోవడానికే నాలుగైదు సెకన్లు పడుతోంది. పోయిన సీజన్‌లో రెండుసార్లు మొత్తం ఆగిపోయింది కూడా.

మొన్న మా ఇన్వెస్టర్ల తరఫున ఒక సలహాదారు వచ్చారు. బోర్డు మీద 11 డబ్బాలు గీశారు: యూజర్లు, హాళ్లు, క్యాలెండర్, బుకింగ్, పేమెంట్లు, బిల్లులు, క్యాటరింగ్, ఫొటోలు, రివ్యూలు, మెసేజ్‌లు, సెర్చ్. "ఒక్కోటి ఒక్కో సర్వీసు చేసేయండి, స్కేల్ అవుతుంది" అన్నారు. అంటే ఒక్కో పనికి విడిగా నడిచే ఒక చిన్న ప్రోగ్రామ్, అవి నెట్‌వర్క్ మీదుగా ఒకదాన్నొకటి పిలుచుకుంటాయి (మైక్రోసర్వీసులు), జనం పెరిగినా తట్టుకుంటాయి అని. మా అంచనా ప్రకారం మూడు నెలల పని, ఆ మూడు నెలలూ కొత్త ఫీచర్ ఒక్కటీ రాదు. చేయాలో వద్దో తేల్చుకోలేకపోతున్నాను. చేసినవాళ్లు, చేసి వెనక్కి వచ్చినవాళ్లు ఎవరైనా చెప్పండి.

లాగ్_ముందు_చూడు | ఆదివారం, రాత్రి 11:15

పద్నాలుగేళ్లుగా ఆపరేషన్స్‌లో ఉన్నాను. అడిగిన ప్రశ్నకి జవాబు చెప్పేముందు నాకు కొన్ని తెలియాలి. నాలుగైదు సెకన్లు అన్నారు కదా, అందులో డేటాబేస్ ఎంత తిన్నది, మీ కోడ్ ఎంత తిన్నది, బయటివాళ్ల కోసం ఎదురుచూసింది ఎంత? ఆగిపోయిన ఆ రెండుసార్లూ ఏది నిండిపోయింది? సీపీయూనా, మెమరీనా, డేటాబేస్ కనెక్షన్లా? వారానికి ఎన్ని రిలీజ్‌లు చేస్తున్నారు? ఒకరి పని ఇంకొకరి వల్ల ఆగుతోందా? రాత్రి రెండింటికి ఫోను మోగితే లేచేది ఎవరు?

వీటికి జవాబుల్లేకుండా 11 డబ్బాలు గీయడమంటే, రక్తపరీక్ష చేయకుండా ఆపరేషన్‌కి తేదీ ఇచ్చినట్టే. నెమ్మదిగా ఉందన్న జబ్బుకి మైక్రోసర్వీస్ మందు కాదు. ఒకే ప్రాసెస్‌లో ఒక ఫంక్షన్ ఇంకో ఫంక్షన్‌ని పిలిస్తే నానోసెకన్లలో అయిపోతుంది. అదే పిలుపు నెట్‌వర్క్ మీదుగా, ఒకే డేటాసెంటర్‌లోనే అనుకున్నా, రానూపోనూ అర మిల్లీసెకను దాకా పడుతుంది. పైన డేటాని పంపడానికి జేసన్ అనే టెక్స్ట్ రూపంలోకి మార్చడం, మళ్లీ విప్పడం ఉండనే ఉన్నాయి. ఒక పేజీ కోసం ఇలాంటి పిలుపులు ముప్పై అయితే లెక్క వేసుకోండి.

వరంగల్_బిడ్డ | సోమవారం, ఉదయం 8:20

అన్నా, మేం చేసినం. చేసి దెబ్బ తిన్నం. ఇంకొకరికి గట్ల కావొద్దని చెప్తున్న.

నేను పనిచేసిన కంపెనీ మాదాపూర్ దిక్కు ఉండె. పేరొద్దు. కిరాణా సామాను ఇంటికి పంపేది. మేం ఎనిమిది మందిమి, సర్వీసులు 14. ఒక్కొక్కరం రెండేసి సర్వీసులు చూసుకునేటోళ్లం, అందులో ఎవరైనా లీవ్ పెడితే ఇంకొకరికి వాటి సంగతే తెల్వకపోయేది.

ఒక శనివారం రాత్రి 11:40కి కస్టమర్ కేర్ నుంచి ఫోనొచ్చింది. ఒకామెకు 1,460 రూపాయలు రెండుసార్లు కట్ అయినయ్. చూస్తే ఆమెకు ఒక్కదానికే కాదు, ఆ గంటల చాలామందికి అయినయ్. ఆర్డర్ సర్వీసు, పేమెంట్ సర్వీసును పిలుస్తది. పేమెంట్ సర్వీసు పైసలు కట్ చేసింది గానీ జవాబు పంపేలోపల టైమౌట్ అయింది. ఆర్డర్ సర్వీసు కాలేదనుకుని మళ్లీ పిలిచింది. ఇది తెల్సుకోవడానికి మాకు తెల్లారేదాక పట్టింది. ఎందుకంటే ఒక సర్వీసు లాగ్‌ల మన టైము ఉంది, తక్కిన రెండిట్ల యూటీసీ, అంటే ప్రపంచ ప్రామాణిక టైము ఉంది. ఐదున్నర గంటల తేడా. ఆఫీసుల కింద కూసోని, తెల్లకాగితం మీద మూడు గీతలు గీసి, ఒక్కొక్క ఆర్డర్‌కు ఏది ముందు అయింది, ఏది ఎనక అయింది అని పెన్నుతోని రాసుకున్నం. ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గర ఉంది.

ఇంకొకటి చెప్తా. అడ్రస్‌ల "ల్యాండ్‌మార్క్" అని ఒక కొత్త ఫీల్డ్ పెట్టాలంటే ఐదు సర్వీసులు మార్చాలె, అవి కూడా వరుస తప్పకుండా రిలీజ్ చేయాలె. వరుస తప్పితే ఆర్డర్లు ఆగిపోయేటివి. ఐదు ముక్కలున్నా అన్నీ కలిసే కదలాలంటే అది ఒకటే అప్లికేషన్. మధ్యల నెట్‌వర్క్ ఒకటి ఎక్కువైంది, గంతే.

బారాదరి | సోమవారం, ఉదయం 9:05

అన్నా, ఇంత వివరంగా రాసినందుకు చాలా థ్యాంక్స్. అక్కా, మీరు అడిగిన నంబర్లు నా దగ్గర లేవు. ఈ వారం తీసి పెడతాను. రిలీజ్‌లు వారానికి రెండు మూడు చేస్తాం, ఒకరి కోసం ఒకరం ఆగిన గుర్తు లేదు. రాత్రి ఫోను నాదే మోగుతుంది.

మియాపూర్_చివరి_స్టాప్ | సోమవారం, మధ్యాహ్నం 1:30

రెండో వైపు కూడా వినండి, లేకపోతే మైక్రోసర్వీసులంటే పనికిరానివి అన్న అభిప్రాయం మిగులుతుంది. వాటి వల్ల మా టీములు ఊపిరి పీల్చుకున్నాయి. అది నేను కళ్లారా చూశాను.

మా దగ్గర దాదాపు డెబ్భై మంది ఒకే కోడ్‌బేస్‌లో పనిచేసేవాళ్లం. బిల్డ్ అవడానికి 50 నిమిషాలు. రిలీజ్ వారానికి ఒక్కసారే, గురువారం. బుధవారం సాయంత్రం అందరి మార్పులూ కలిపేవాళ్లం. ఒక టీము తప్పు దొర్లితే మొత్తం వెనక్కి తీయాల్సి వచ్చేది, మిగతా తొమ్మిది టీముల పని ఇంకో వారం మూలనపడేది. సెర్చ్‌కి పండగ సీజన్‌లో 20 మెషీన్లు కావాలి, బిల్లులకి ఒక్కటి చాలు. కానీ అన్నీ ఒకే ముద్ద కాబట్టి బిల్లుల కోడ్‌ని కూడా 20 మెషీన్ల మీద మోశాం.

రెండేళ్లు పట్టింది విడదీయడానికి. ఒకేసారి కూల్చి కట్టలేదు. పాత అప్లికేషన్ ముందు, వచ్చే రిక్వెస్టులని పాతదానికో కొత్తదానికో మళ్లించే ఒక గేట్‌వే పెట్టి, ముందుగా సెర్చ్ ఒక్కటే బయటికి తెచ్చాం. అది ఆరు నెలలు నిలబడ్డాకే రెండోది ముట్టుకున్నాం. ఈ పద్ధతికి సాఫ్ట్‌వేర్ రచయిత మార్టిన్ ఫౌలర్ 2004లోనే ఒక చెట్టు మీదుగా పేరు పెట్టాడు: స్ట్రాంగ్లర్ ఫిగ్. పెద్ద చెట్టు మీద మొలిచి, దాని చుట్టూ వేళ్లు దించుకుంటూ చివరికి దాని స్థానంలో తానే నిలబడే మర్రిజాతి చెట్టు అది. మన ఊళ్లలో తాటిచెట్టుని మర్రి చుట్టుకుని పెరగడం చూసినవాళ్లకి ఇది వెంటనే అర్థమవుతుంది.

అసలు ఇది మనుషుల లెక్క. మెల్విన్ కాన్వే 1968లో అచ్చయిన వ్యాసంలో చెప్పిందదే: ఒక సంస్థలో మనుషులు ఒకరితో ఒకరు ఎలా మాట్లాడుకుంటారో, వాళ్లు కట్టే సిస్టమ్ కూడా ఆ ఆకారంలోనే వస్తుంది. పది టీములు ఉంటే పది ముక్కలు కావాలని అడుగుతాయి. ఆరుగురు ఒకే బల్ల దగ్గర కూర్చుంటే పదకొండు ముక్కలు ఎవరి కోసం?

అమీర్‌పేట_ఫ్రెషర్ | సోమవారం, సాయంత్రం 6:10

సార్, మేడమ్, మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోకండి. మైత్రీవనం దగ్గర ఇన్‌స్టిట్యూట్‌లో కోర్సు చేస్తున్నాను. అక్కడ యురేకా, గేట్‌వే, ఫెయిన్ క్లయింట్ (సర్వీసులు ఒకదాన్నొకటి వెతుక్కుని పిలుచుకోవడానికి వాడే టూల్స్) పెట్టి నాలుగు సర్వీసుల ప్రాజెక్టు చేయించారు. నా ల్యాప్‌టాప్‌లో నాలుగూ నడిచాయి. ఇంటర్వ్యూలో "ఎందుకు మైక్రోసర్వీసులు వాడారు" అని అడిగితే "స్కేలబిలిటీ కోసం" అన్నాను. "మోనోలిత్‌ని, అంటే అంతా ఒకటిగా ఉన్న అప్లికేషన్‌ని, నాలుగు మెషీన్ల మీద పెట్టి ముందు రిక్వెస్టులు పంచే లోడ్ బ్యాలెన్సర్ పెడితే స్కేల్ అవ్వదా" అని తిరిగి అడిగారు. జవాబు చెప్పలేకపోయాను. ఏం చెప్పాల్సింది?

లాగ్_ముందు_చూడు | సోమవారం, రాత్రి 9:40

తమ్ముడూ, మంచి ప్రశ్నే అడిగారు వాళ్లు. స్కేల్ అవుతుంది. స్టాక్ ఓవర్‌ఫ్లో అంత పెద్ద సైటు, ఎన్నో ఏళ్లు ప్రధానంగా ఒకే అప్లికేషన్‌గా కొద్ది సర్వర్ల మీదే నడిచింది. కాబట్టి స్కేల్ అన్న ఒక్కమాట చాలదు.

నువ్వు చెప్పాల్సింది ఇది: అప్లికేషన్‌లో ఒక భాగానికి మిగతావాటితో పొంతన లేని అవసరం ఉన్నప్పుడు దాన్ని విడిగా పెడతాం. దానికి లోడు వేరే రకంగా రావచ్చు. దాన్ని వేరే టీము రోజుకి ఐదుసార్లు రిలీజ్ చేస్తుండవచ్చు. కార్డు వివరాలు ముట్టుకునే భాగమైతే, ఆడిట్ ఆ ఒక్కదానికే పరిమితం కావాలని దాన్ని వేరు చేయవచ్చు. లేదా మెషీన్ లెర్నింగ్ మోడల్ పైథాన్‌లో ఉండి, మిగతాదంతా జావాలో ఉండవచ్చు. "మా ప్రాజెక్టులో ఈ అవసరాలు లేవు, నేర్చుకోవడానికి విడగొట్టాం" అని నిజం చెప్పు. నేను ఇంటర్వ్యూ చేసే మనిషినైతే ఆ జవాబుకే ఎక్కువ మార్కులు వేస్తాను.

ఇంకో పని చెయ్యి. నీ నాలుగు సర్వీసుల్లో ఒకదాన్ని పని మధ్యలో ఆపేసి, మిగతా మూడూ ఏం చేస్తాయో చూడు. నీ కోర్సు మొత్తంలో అంతకంటే ఎక్కువ నేర్పే గంట ఉండదు.

డేటాబేస్_కాపలా | మంగళవారం, ఉదయం 7:55

ఇంతసేపూ ఎవరూ డేటా మాట ఎత్తలేదు. బారాదరి గారూ, మీకు అసలు ప్రమాదం అక్కడే ఉంది, కొంచెం ఓపిగ్గా చదవండి.

మీ వ్యాపారంలో జరగకూడని తప్పు ఒక్కటే: ఒకే హాలు, ఒకే ముహూర్తం, ఇద్దరికి ఇవ్వడం. ఇప్పుడు మీకు ఒకే డేటాబేస్ ఉంది కాబట్టి హాలు, తేదీ, పూట ఈ మూడింటి మీద ఒక యునీక్ కన్‌స్ట్రెయింట్ (అదే కలయిక రెండోసారి రాకుండా ఆపే నియమం) పెడితే పని అయిపోతుంది. ఇద్దరు ఒకే క్షణంలో నొక్కినా ఒకరికే దక్కుతుంది, రెండోవాళ్లకి అక్కడికక్కడే "దొరకలేదు" అని వస్తుంది. పోస్ట్‌గ్రెస్ ఈ కాపలా ఉచితంగా కాస్తోంది.

ఆ బోర్డు మీది బొమ్మ ప్రకారం క్యాలెండర్ ఒక సర్వీసు, బుకింగ్ ఒకటి, పేమెంట్ ఇంకొకటి. ఒక్కోదానికి సొంత డేటాబేస్ ఉండాలి, లేకపోతే అవి విడివిడి సర్వీసులే కావు. అలా విడదీసిన నిమిషంలో ట్రాన్సాక్షన్ అన్నది, అంటే మార్పులన్నీ కలిసి జరగాలి లేదా ఏదీ జరగకూడదు అన్న హామీ, పోతుంది. దాని బదులు సాగా వాడతారు. 1987లో గార్సియా-మొలినా, సేలం రాసిన పేపర్‌లోని ఆలోచన అది. పెద్ద ట్రాన్సాక్షన్‌ని చిన్నచిన్న అంచెలుగా చేసి, మధ్యలో ఏదైనా తప్పితే అప్పటిదాకా చేసినవాటికి విరుగుడు అంచెలు నడుపుతారు. డబ్బు విషయంలో విరుగుడు ఉంది, వెనక్కి ఇచ్చేస్తారు. హాలు ఖాయమైందని మెసేజ్ వెళ్లి, శుభలేఖలు అచ్చయి, బొట్టు పెట్టి పిలుపులు కూడా మొదలయ్యాక ఆ ఇంటికి మీరిచ్చే విరుగుడు ఏంటి?

అందుకే విడగొట్టే గీత టేబుళ్ల మధ్య కాదు, నియమాల మధ్య గీయాలి. ఏ రెండు విషయాలు ఒకే క్షణంలో కలిసి నిజం కావాలో అవి ఒకే గూటిలో ఉండాలి. క్యాలెండర్, బుకింగ్ మీకు అలాంటి జంట. ఫొటోలు, రివ్యూలు, మెసేజ్‌లు పది నిమిషాలు ఆలస్యమైనా పెళ్లి ఆగదు.

ఒక చిన్న లెక్క కూడా. ఒక్కో సర్వీసు 99.9 శాతం సమయం నిలబడుతుందనుకుందాం. అంటే 30 రోజుల్లో 43 నిమిషాలు పడిపోవచ్చు. ఒక బుకింగ్ 11 సర్వీసుల గుండా వెళ్లాలంటే, అవి ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా పడిపోతాయనుకుంటే, 98.9 శాతానికి దిగుతుంది. నెలకి దాదాపు 8 గంటలు.

మియాపూర్_చివరి_స్టాప్ | మంగళవారం, ఉదయం 10:30

లెక్క సరైనదే. కానీ అన్ని పిలుపులూ జవాబు కోసం ఎదురుచూసే పిలుపులైతేనే అది వర్తిస్తుంది. క్యూలో సందేశం పెట్టి ముందుకు సాగితే రివ్యూల సర్వీసు పడిపోయినా బుకింగ్ ఆగదు. బాగా కట్టినవాళ్లు అలాగే కడతారు. నెట్‌ఫ్లిక్స్ సంగతి చూడండి. 2008 ఆగస్టులో డేటాబేస్ పాడై మూడు రోజులు డీవీడీలు పంపలేకపోయింది. అక్కడి నుంచి క్లౌడ్‌కి, చిన్న సర్వీసులకి మారడం 2016 జనవరికి గానీ పూర్తికాలేదు. ఏడేళ్ల పైన. ఒక ముక్క పడిపోతే మొత్తం పడకూడదన్నది వాళ్లకి పుట్టిన అవసరం.

డేటాబేస్_కాపలా | మంగళవారం, ఉదయం 10:52

ఒప్పుకుంటున్నాను. ఏడేళ్లు అన్న మాటని బారాదరి గారి మూడు నెలల అంచనా పక్కన పెట్టి చూడమని మాత్రం అడుగుతాను.

వరంగల్_బిడ్డ | మంగళవారం, మధ్యాహ్నం 12:15

ఎనక్కి వచ్చినోళ్లు గూడ ఉన్నరు. సెగ్మెంట్ కంపెనీ 2018ల రాసింది: డేటా పంపే ఒక్కొక్క చోటుకు ఒక్కొక్క సర్వీసు పెట్టి, 140 దాటినంక మోయలేక అన్నిటిని మళ్ల ఒక్కటి చేసిన్రు. 2023ల ప్రైమ్ వీడియో టీము ఒకటి, వీడియో క్వాలిటీ చూసే తమ సిస్టమ్‌ను ముక్కల నుంచి ఒకే ప్రాసెస్‌కు తెచ్చి ఖర్చు 90 శాతం తగ్గించినమని రాసింది.

మియాపూర్_చివరి_స్టాప్ | మంగళవారం, మధ్యాహ్నం 12:40

రెండోదాన్ని చాలామంది తప్పుగా చెప్తున్నారు కాబట్టి ఒక మాట. అది ప్రైమ్ వీడియో మొత్తం కాదు, లోపల ఒక్క పర్యవేక్షణ సర్వీసు మాత్రమే. ఒక్కో వీడియో ఫ్రేమ్‌ని ఒక ముక్క నుంచి ఇంకో ముక్కకి స్టోరేజ్ ద్వారా పంపడం ఖర్చుగా మారింది, దాన్ని మెమరీలోకి తెచ్చారు. ఆ మార్పు తర్వాత కూడా అది మిగతావాటి పక్కన ఒక సర్వీసే. ముక్క ఎంత పెద్దదిగా ఉండాలన్నది వాళ్లు సరిచేసుకున్నారు.

బారాదరి గారికి నా సలహా: కోడ్‌ని ముందు లోపలే గదులుగా కట్టండి. షాపిఫై అదే చేసింది. పెద్ద రైల్స్ అప్లికేషన్‌ని ఒకటిగానే ఉంచి, లోపల భాగాలకి హద్దులు గీసింది. మీరు స్ప్రింగ్‌లో ఉన్నారు కాబట్టి ఈ హద్దులకి కాపలా కాసే స్ప్రింగ్ మాడ్యులిత్ గానీ ఆర్క్‌యూనిట్ గానీ పెట్టండి. రివ్యూల కోడ్ నేరుగా పేమెంట్ క్లాసుల్లోకి చెయ్యి పెడితే టెస్టే ఫెయిలవుతుంది. లోపల హద్దు నిలవని చోట నెట్‌వర్క్ పెట్టినా నిలవదు. హద్దు నిలిచిందంటే, రేపు ఆ గదిని బయటికి తీయడం కొన్ని వారాల పనే.

బారాదరి | ఆదివారం, రాత్రి 9:30

వారం తర్వాత వచ్చాను. అక్క చెప్పినట్టు ముందు కొలిచాం. ఆరుగురం రెండు రోజులు ఇదే పని మీద కూర్చున్నాం.

హాలు పేజీ 4.2 సెకన్లలో 3 సెకన్ల పైన ఒకే క్వెరీ. ఖాళీ తేదీలు వెతికే క్వెరీ, మొత్తం క్యాలెండర్ టేబుల్‌ని మొదటి నుంచి చివరిదాకా చదువుతోంది. హాలు, తేదీ మీద ఇండెక్స్ (కావాల్సిన వరుసని నేరుగా చూపించే సూచిక) లేదు. పెట్టాక వందలో 95 రిక్వెస్టులు 300 మిల్లీసెకన్ల లోపే వస్తున్నాయి. నాలుగేళ్ల కిందట హాళ్లు పదిహేనున్నప్పుడు రాసిన క్వెరీ అది, అప్పుడు ఎవరికీ తేడా తెలియలేదు.

ఆగిపోయిన రెండుసార్లూ కారణం వేరు. సీజన్ ముందు హాళ్ల ఓనర్లు కొత్త డెకరేషన్ ఫొటోలు పెడతారు. ఒక్కోటి 12 ఎంబీ, ఒకేసారి నలభై. వాటిని చిన్నవిగా మార్చే పని అదే ప్రాసెస్‌లో జరుగుతోంది. ఆ రోజు గ్రాఫ్‌లో సీపీయూ గీత నిటారుగా లేచి, అక్కడే పైన అతుక్కుని ఉంది. అదే నిమిషంలో బుక్ చేసుకుంటున్నవాళ్లకి పేజీ రాలేదు. కన్ఫర్మేషన్ ఎస్ఎంఎస్ కూడా రిక్వెస్ట్ మధ్యలోనే పంపుతున్నాం, వాళ్ల సర్వర్ నెమ్మదిస్తే మేమూ నెమ్మదిస్తున్నాం.

ఫొటోల పనిని విడి ప్రాసెస్‌గా, విడి మెషీన్ మీదికి తీసేశాం. క్యూ కోసం కొత్తగా ఏమీ కొనలేదు. పోస్ట్‌గ్రెస్‌లోనే ఒక టేబుల్ క్యూ అయింది, ఫొటోల ప్రాసెస్ స్కిప్ లాక్డ్‌తో (ఇంకొకరు పట్టుకున్న వరుసలని దాటేసి) అందులోంచి పనులు తీసుకుంటోంది. ఎస్ఎంఎస్‌లు కూడా ఆ క్యూలోకే. బుకింగ్, క్యాలెండర్, పేమెంట్ అలాగే కలిసి ఉన్నాయి, యునీక్ కన్‌స్ట్రెయింట్ పెట్టాం. పెడుతుంటే పాత డేటాలో ఒక జంట బయటపడింది: ఒకే హాలుకి ఒకే సాయంత్రం రెండు బుకింగ్‌లు, వచ్చే నెలలో. ఇద్దరికీ ఫోన్ చేశాం. ఒకరు రిసెప్షన్‌ని మధ్యాహ్నానికి మార్చుకోవడానికి ఒప్పుకున్నారు. ఆ ఫోన్ నేనే చేశాను, చేతులు వణికాయి.

సలహాదారుకి ఈ గ్రాఫులే పంపాను. "ఫొటోలు విడదీయడం సరైన మొదటి ముక్క, మిగతావి టీము పెరిగాక చూద్దాం" అని రాశారు. అక్కా, ఇంతకీ ఆ ఫొటోల ప్రాసెస్‌ని మైక్రోసర్వీస్ అనొచ్చా?

లాగ్_ముందు_చూడు | ఆదివారం, రాత్రి 10:05

పేరుతో పని లేదు. అది పడిపోతే బుకింగ్ ఆగుతుందా? ఆగదు. దాన్ని ఒక్కదాన్నే రిలీజ్ చేయగలరా? చేయగలరు. అది చాలు. క్యూ టేబుల్ తప్ప మీ మిగతా టేబుళ్లని అది ముట్టుకోకుండా చూసుకోండి. లాగ్‌లన్నీ ఒకేచోటికి, ఒకే టైమ్‌జోన్‌లో పంపండి. ప్రతి రిక్వెస్ట్‌కి ఒక ఐడీ ఇచ్చి, క్యూలోకి కూడా దాన్నే పంపండి. వరంగల్ తమ్ముడి కాగితం మీకు అవసరం పడకూడదు.

డేటాబేస్_కాపలా | ఆదివారం, రాత్రి 10:20

ఆ ఫోన్ మీరే చేసినందుకు మెచ్చుకుంటున్నాను. ఒక్క అనుమానం. పేమెంట్ గేట్‌వే ఎలాగూ బయటే ఉంది కదా, డబ్బు కట్టేలోపు ఆ తేదీని ఎలా ఆపి ఉంచుతున్నారు?

బారాదరి | ఆదివారం, రాత్రి 10:31

"హోల్డ్" అని ఒక వరుస రాసి, పది నిమిషాల గడువు పెడుతున్నాం సార్. గడువు దాటినవాటిని నిమిషానికోసారి తీసేస్తున్నాం. గేట్‌వేకి పంపే ప్రతి పిలుపుకీ బుకింగ్ నంబర్‌నే ఐడెంపొటెన్సీ కీగా ఇస్తున్నాం, రెండోసారి పిలిచినా డబ్బు ఒక్కసారే కట్ అయ్యేలా.

డేటాబేస్_కాపలా | ఆదివారం, రాత్రి 10:38

గడువు పదో నిమిషంలో అయిపోయి, డబ్బు పదకొండో నిమిషంలో వస్తే?

బారాదరి | ఆదివారం, రాత్రి 10:50

తేదీ ఇంకా ఖాళీగా ఉంటే బుక్ అవుతుంది, లేకపోతే డబ్బు వెనక్కి వెళ్తుంది అని కోడ్‌లో రాశాం. కానీ దానికి టెస్ట్ రాయలేదు. రేపు పొద్దున ముందు అదే రాస్తాను.